మామిడి గుంతలో శాతవాహనులు

పెద్దపల్లి జిల్లాలో శాతవాహనుల నాటి ఊళ్లు బయటపడ్డ ధూళికట్ట, పెద్దబొంకూర్ చుట్టుపక్కల తోటలో ఇల్లు కట్టుకున్నవాళ్లకు ఓ చిక్కుంది. మామిడి మొక్కకని మీటరు గుంత మొదలెడితే, సగం దిగేసరికి గడ్డపార ‘ఠంగు’మంటుంది. కింద ఇటుకలు పరిచిన నేల.

ఆ చప్పుడుకు ముందు పరుగెత్తుకొచ్చేది పురావస్తు శాఖ కాదు, బావమరిది. “లంకెబిందెల మూత బావా గిది, రాసిస్త!” రెండో ఇటుక లేచేలోగా సగం ఊరు గట్టు మీదుంటుంది. మూడోదాన్ని బోరు కింద పెట్టి కొబ్బరి పీచుతో తోముతారు. ఇటుకకు అంటిన మట్టీ సున్నమూ, అంటే అసలు సాక్ష్యం, అరటి పాదులోకి పోతుంది.

తోమే ముందు కొలవాల్సింది. శాతవాహనుల కాలపు ఇటుక సుమారు 50 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 8 మందం ఉంటుంది. నేటి ఇటుకలు ఐదారు కలిపితే అదొక్కటి. విరిగినచోట సన్నటి గాట్లుంటాయి. మట్టిలో కలిపిన వరి ఊక బట్టీలో కాలిపోయిన గుర్తులవి. అలాగని ఇటుక వయసే నేల వయసు కాదు. పాటిదిబ్బల్లోంచి, అంటే పాత ఊళ్లు పూడిపోయిన దిబ్బల్లోంచి, ఇటుకలు పీక్కొచ్చి గొడ్ల కొట్టంలో పరుచుకున్న తాతలకు ఏ ఊళ్లో కొదవ? లెక్క తేల్చేది నేల కింద చిక్కిన కుండపెంకు, నాణెం, బొగ్గు. అందులో అన్నిటికన్నా కొత్తది ఏదో, నేల అంతకంటే పాతది కాదు.

సరిగ్గా అప్పుడే బావమరిది ఇటుక కింద చెయ్యి దూర్చి షాంపూ పాకెట్ తీస్తాడు. రెండు వేల ఏళ్ల నేల ఒక్క దెబ్బతో దూరదర్శన్ కాలానికి దిగిపోతుంది. గట్టు మీద నవ్వులే నవ్వులు. పక్కనున్న పందికొక్కు బొరియను మాత్రం ఎవరూ చూడరు. పైనున్న చెత్తను కిందికి చేరవేసే పని దానిదే. బొరియలో నిండిన మట్టి వదులుగా, వేరే రంగులో ఉంటుంది. ఇటుకలు కదపకపోతే పాకెట్ ఏ దారిన దిగిందో ఇట్టే కనబడేది. ఆ ఇటుకలేమో ఈపాటికి బట్టలుతికే బండ కింద చేరిపోయాయి.

మిగిలిన నేలకైనా గడ్డపార తగలనివ్వకండి. తాపీ, మెత్తటి చీపురుతో పొడిగానే మట్టి తీసి, పక్కన స్కేలు పెట్టి పైనుంచి ఫొటో తీయండి. నీళ్లు పోస్తే సందుల్లోని బంకమట్టి కరిగి ఇటుకలు ఊగుతాయి. తర్వాత షేడ్‌నెట్ పరిచి, వదులు మట్టి కప్పి, మామిడిని దూరంగా నాటుకోండి. కలెక్టరుకూ రాయాలి: నేలలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే చెప్పి తీరాలని 1878 నాటి చట్టం.

“గట్లయితే తొమ్మిది రూపాలని రాద్దాం బావా,” అంటాడు బావమరిది.