పిచ్చుకల పెట్టె గారికి: ఆ పుల్ల సంగతేమిటి?

మహారాజశ్రీ పిచ్చుకల గూడు పెట్టె గారి సముఖానికి,

హనుమకొండ నుంచి నమస్కరించి రాయునది. మార్చి 20 వస్తే చాలు, ప్రపంచ పిచ్చుకల దినోత్సవం పేరిట తమరు సభలకు వస్తారు, శాలువాలు కప్పుకున్న వాళ్ల చేతుల్లో ఫొటోలు దిగుతారు. ఏప్రిల్‌కల్లా ఏదో ఒక ఇంటి గోడకు వేలాడుతారు. చాలా సంతోషం. అయితే మొన్న ఆదివారం పొద్దున తమరి గుమ్మం, అదే పిట్ట దూరే కన్నం, ముందు గుచ్చిన పుల్ల మీద ఒక కాకి తీరుబడిగా కూర్చుని, లోపలికి ముక్కు పెట్టి, ఇంకా కళ్లు తెరవని పిల్లను లాక్కుపోయింది. కాకి మీద మాకు కోపం లేదు, దాని గూట్లోనూ పిల్లలుంటాయి. కోపమల్లా ఆ పుల్ల మీదే.

అయ్యా, అది ఎవరి కోసం నాటారు? పిచ్చుక గోళ్లు గరుకు చెక్కను పట్టుకుని నిలువునా వేలాడగలవు. గూనపెంకుల చూరు కింద, దూలాల సందుల్లో తరతరాలుగా కాపురం చేసిన పిట్టకు ఎవరూ పుల్ల పాతి పెట్టలేదు. అది ఎగిరొచ్చి కన్నం అంచున వాలి సర్రున లోపలికి పోతుంది. బయట నిలబడి తొంగిచూసే పని ఉన్నవాళ్లకే పుల్ల కావాలి. అంటే కాకికి, గోరింకకు, ఉడుతకు. పిచ్చుకకు ఇల్లు కట్టి దొంగకు అరుగు వేయించారన్నమాట.

పోనీ, కన్నమైనా సక్కగ ఉందా? పిచ్చుకకు 32 మిల్లీమీటర్లు చాలు. జేబులో పది రూపాయల బిళ్ల ఉంటే పెట్టి చూడండి, అది 27 మిల్లీమీటర్లు. దాని చుట్టూ రెండున్నర మిల్లీమీటర్ల సందు మిగిలితే సరైన కొలత. తమరి కన్నంలో బిళ్లతోపాటు బొటనవేలు కూడా దూరుతోంది. అంత వెడల్పుంటే గోరింకల జంట దర్జాగా లోపలికొస్తుంది, ఉన్న గుడ్లు బయట పారేస్తుంది, తన చెత్త నింపుకుంటుంది. దానికీ ఆ పుల్లే మెట్టు.

ఎన్నేండ్ల నుంచి చెప్తున్నం ఈ మాట! ఏ ఏడు కొత్త పెట్టె చూసినా పుల్ల ఉంటది. ఒకదానికి రంగు కూడా వేసిండ్రు, ఎర్రగ. బొమ్మల పుస్తకాల్లో గూటికి పుల్ల ఉంటదని నువ్వు కూడా పెట్టుకున్నవు. ఫొటోకు అందం, అంతే. ఆ అందం కోసం గూట్లె పిల్లలు పోవాల్నా? సిగ్గుండాలె కదా నీకు!

మిగిలినవాటి గురించి ఎక్కువ చెప్ప. నీ రేకు కప్పు రోహిణి కార్తెలో పెనమే. మేలో మన దగ్గర ఎండ 44 డిగ్రీలు దాటే రోజులుంటయి, లోపల పిల్లలు నోర్లు తెరిచి రొప్పుతయి. లోపలి గోడలకు కూడా వార్నిష్ కొట్టినవు, పిల్ల పైకి పాకుదామంటే కాలు జారుతది. అడుగున నీళ్లు పోవడానికి ఒక్క బొక్క లేదు. నీతోపాటు ఇచ్చే కొర్రల పొట్లం పెద్ద పిట్టలకు పనికొస్తది గాని, గుడ్డు పగిలి బయటికొచ్చిన మొదటి రోజుల్లో పిల్లలకు మెత్తటి పురుగులే తిండి. పెరట్లె పురుగుమందు కొట్టేటోళ్లు ఎన్ని కొర్రలు చల్లితే ఏం లాభం?

చెప్తున్న, విను. కటింగ్ ప్లేయర్‌తో ఆ పుల్లను మెలితిప్పి పీకాలె. మిగిలిన బొక్కలో ఎం-సీల్ కూరాలె, లేకుంటే వాన నీళ్లు దాంట్ల నుంచే లోపలికి పోతయి. వడ్లాయన దగ్గర అంగుళంపావు హోల్‌సా ఉంటది. ప్లైవుడ్ ముక్కకు దాంతో కన్నం కొట్టించి, నీ పెద్ద కన్నం మీద నాలుగు స్క్రూలతో బిగించాలె. పెట్టె అడుగు నుంచి 12-15 సెంటీమీటర్ల ఎత్తులో కన్నం ఉండాలె. తక్కువైతే కాకి ముక్కు గూటికి అందుతది. లోపల కన్నం కింది గోడకు రంపంతో అడ్డగీతలు గీయాలె, అడుగున నాలుగు మూలలకు ఆరు మిల్లీమీటర్ల బొక్కలు కొట్టాలె. రేకు మీద వేలెడు సందు వదిలి ఇంకో చెక్క వేయాలె, ముందుకు జానెడు కాకపోయినా నాలుగు వేళ్లయినా రావాలె. తీగకు వేలాడదీస్తే గాలికి ఊగుతది, పిట్ట రాదు. తూర్పుకో ఉత్తరానికో మొహం పెట్టి, పది అడుగుల ఎత్తున గోడకు బిగించాలె. గుడ్డు పొదగడానికి 11 నుంచి 14 రోజులు, పిల్ల ఎగిరిపోవడానికి ఇంకో రెండు వారాలు. అప్పటిదాకా మూత తెరిచి సెల్ఫీలు తీయొద్దని నీ ఓనర్‌కు చెప్పు. సీజన్ అయిపోయినంక పాతగూడు తీసి, వేడినీళ్లతో కడిగి, ఎండలో పెట్టాలె. పాత గడ్డిలో రక్తం పీల్చే సన్న పురుగులు ఉంటయి.

చౌరస్తాలో కిరాణ దుకాణం షట్టర్ పైన అది చుట్టుకునే డబ్బా ఉంటది కదా, పిచ్చుకలు దాంట్ల పెట్టుకున్నయి గూడు. పొద్దుగాల షట్టర్ ఎత్తితే కడకడ మంటది, అయినా పోవు. దానికి రంగు లేదు, బొమ్మ లేదు, పుల్ల అసలే లేదు. ఆ సేటు షట్టర్‌ను సగం దాకే ఎత్తి, వంగి లోపలికి పోతున్నడు.

అయినా నీ మీద ఆశ ఉంది. పుల్ల లేకుండ వస్తే ఉత్తరం గోడ మీద జాగ ఉంచినం. పుల్లతో వస్తే మాత్రం పొయ్యిలకు పోతవు.

ఇట్లు,
కటింగ్ ప్లేయర్ చేతపట్టినోడు,
హనుమకొండ

తా.క.: లోపల కుక్కిన ఎండుగడ్డి కూడా తీసేసుకో. పిట్ట తన గడ్డి తనే తెచ్చుకుంటది.