ఈ స్క్రిప్టును తిప్పి పంపుతున్నాం

టీవీ క్రైమ్ కథకి కొన్ని కట్టుబాట్లుంటాయి. వాటిని ఎవరో ఒకరు కాపాడాలి. అందుకే అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రం, లూజర్న్ కౌంటీ (మన జిల్లాలాంటిది) కోర్టులో నిజంగా జరిగిన ఈ కథను తిరస్కరిస్తున్నామని చింతిస్తూ తెలియజేస్తున్నాం.

కథలో ఇద్దరు జడ్జీలు, కోనహన్, సియావరెల్లా. కౌంటీ నడిపే బాలల నిర్బంధ కేంద్రాన్ని మూయించారు. కొత్తగా లేచిన ప్రైవేటు కేంద్రాన్ని కట్టిన బిల్డరు నుంచీ, దాని యజమానుల్లో ఒకరైన వకీలు నుంచీ 28 లక్షల డాలర్లు అందుకున్నారు. కోర్టు నుంచి పిల్లలు మాత్రం అక్కడికి వరసగా వెళ్తూనే ఉన్నారు. కంచె చేను మేయడం పాత కథే, ఒప్పుకుంటాం. కానీ ఈ కంచె మేసి ఊరుకోలేదు, బిల్డరిచ్చిన సొమ్ముకి దళారీ రుసుమని పేరు పెట్టింది. ఇంత అతి ఏ ప్రేక్షకుడు భరిస్తాడు?

ఇక వస్తువుల ఎంపిక. నోట్ల కట్టలు ఫెడెక్స్ కొరియర్ పెట్టెల్లో వస్తాయట. వకీలుగారి పడవ పేరు ‘రీల్ జస్టిస్’ అట! మా దగ్గర పనికి చేరిన కుర్రాడు ఇలాంటి పేరు రాసుకొస్తే కొట్టేసి, ‘సింబాలిజం కాస్త తగ్గించు నాయనా’ అంటాం.

ఒక్క సన్నివేశం చూడండి. 2007లో పదిహేనేళ్ల అమ్మాయి తన బడి వైస్ ప్రిన్సిపాల్ మీద మైస్పేస్ అనే సోషల్ మీడియా సైట్‌లో వెక్కిరింపు పేజీ పెట్టింది. కోర్టులో పక్కన వకీలు లేడు. వకీలు అక్కర్లేదని కాగితం మీద సంతకమైపోయింది. నిమిషంన్నర కూడా పట్టలేదు, మూడు నెలల శిక్ష. నిమిషంన్నరలో మేం కెమెరా తిప్పి జడ్జి మొహం చూపించడమే కష్టం. ఏడుపుకీ, నేపథ్య సంగీతానికీ చోటేదీ?

అన్నిటికన్నా పెద్ద లోపం, డిటెక్టివ్ లేకపోవడం. ప్రాసిక్యూటర్లు, ప్రొబేషన్ అధికారులు, గుమాస్తాలు అందరూ ఆ గదిలోనే ఉన్నారు, రోజూ చూశారు. చూసినవాళ్లే ఇందరుంటే మిస్టరీ ఏముంటుంది? బాలల న్యాయ సంస్థ ఒకటి 2008లో రాష్ట్ర సుప్రీంకోర్టు తలుపు తట్టింది. 2009 జనవరిలో ఆ కోర్టు ఒక్క ముక్క కారణం చెప్పకుండా పిటిషన్ కొట్టేసింది. అదే నెలాఖరులో ఆ ఇద్దరు జడ్జీల మీద ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) అభియోగాలు బయటికి రాగానే నిద్ర లేచింది, చివరికి వేల తీర్పులు రద్దు చేసింది. హీరో ఇంటర్వెల్ దాకా గుర్రుపెట్టి నిద్రపోతే ఛానెల్ మారుస్తారండీ.

పద్ధతి తెలిసినవాళ్లు ఏం చేశారో నేర్చుకోండి. అదే ఏడాది మే నెలలో ‘లా అండ్ ఆర్డర్: స్పెషల్ విక్టిమ్స్ యూనిట్’ అనే టీవీ క్రైమ్ సీరియల్ వాళ్లు ఈ కుంభకోణం ఛాయల్లో ‘క్రష్’ అనే ఎపిసోడ్ వేశారు. కథను న్యూయార్క్‌కి మార్చి, ఇద్దరు జడ్జీలను ఒక్కరు చేసి, ప్రకటనలతో కలిపి గంటలో పట్టుకున్నారు. చూసినవాళ్లు హాయిగా పడుకున్నారు.

మీ ముగింపు కూడా సాగింది. 2011లో సియావరెల్లాకి 28 ఏళ్లు, కోనహన్‌కి పదిహేడున్నర ఏళ్లు పడ్డాయి. అక్కడ తెర దించాల్సింది. మీరేమో 2020లో కోవిడ్ పేరుతో కోనహన్‌ని ఇంటికి పంపారు. 2024 డిసెంబరులో అప్పటి అధ్యక్షుడు బైడెన్ ఒకే రోజు దాదాపు 1,500 మందికి శిక్ష తగ్గిస్తే, ఆ జాబితాలోనూ ఆయన్ని చేర్చారు. తలకి ఎన్ని సెకన్లు పడ్డాయో స్క్రిప్టులో రాయలేదు.