ఓడిపోయినవాళ్ల సలహా ఉచితమట!

పది నిమిషాల క్రితం ఒక మెసేజ్ వచ్చింది. కోపంతో టైపు చేస్తున్నాను, అచ్చుతప్పులు ఉంటే సర్దుకోండి.

పోయిన వారం ఫ్రీలాన్సర్లకు, అంటే విడివిడిగా పనులు ఒప్పుకునే నాలాంటివాళ్లకు, పనులు దొరికే ఒక సైటులో ఒక పనికి బిడ్ (ఇంతకు చేసిపెడతానన్న ప్రతిపాదన) వేశాను. అమ్మకాల రిపోర్టు తెరుచుకోవడానికి 40 సెకన్లు పడుతోందట, సరిచేయాలట. ప్రకటన చివర మామూలు షరతే: "ఇదంతా చదివారని తెలియడానికి మీ జవాబు మొదట్లో నెమలి అని రాయండి." రాశాను. నాకు చదవడం వచ్చని ఇంత వయసులో మళ్లీ నిరూపించుకున్నాను. ఆ తర్వాత గంటన్నర కూర్చుని, వాళ్లు జతచేసిన క్వెరీ (డేటాబేస్‌ను సమాచారం అడిగే ఆదేశం) మొత్తం చదివి, ఆర్డర్ల టేబుల్‌లో తేదీ కాలమ్‌కు ఇండెక్స్ (పుస్తకం చివర ఉండే పదసూచిక లాంటిది) లేదని, అందుకే ప్రతిసారీ లక్షల వరుసలను మొదటి నుంచి చివరిదాకా వెతుక్కుంటోందని విడమరిచి చెప్పాను. 180 డాలర్లు అడిగాను. పని 30 డాలర్లు అడిగిన మనిషికి వెళ్లింది. సరే, వెళ్లనీ, ఇది మనకు కొత్తా?

ఇప్పుడు వచ్చిన మెసేజ్ చదవండి: "మీరు చెప్పినట్టే ఇండెక్స్ వేయించాం. రిపోర్టు వెంటనే వస్తోంది, ధన్యవాదాలు. కానీ కొత్త ఆర్డర్లు నమోదు కావడం బాగా నెమ్మదించింది. ఒక్క ఐదు నిమిషాలు చూసి పెడతారా?"

మీరు చెప్పినట్టే అట! నేను చెప్పింది ఒక్క కాలమ్‌కు. ఆ మహానుభావుడు కంటికి కనిపించిన కాలమ్‌కల్లా వేసి ఉంటాడు. కొత్త వరుస చేరిన ప్రతిసారీ ఆ ఇండెక్సులన్నింటినీ సవరించుకోవాలి కదా, నెమ్మదించక ఏం చేస్తుంది? అక్కర్లేనివి తీసేస్తే చాలు. చూశారా, తిడుతూ తిడుతూ కూడా ఉచితంగా వైద్యం చేసేస్తున్నాను. అసలు జబ్బు నాదే.

ఇంతకీ ఈ అవమానానికి ఎదురు డబ్బు కట్టింది కూడా నేనే. బిడ్ వేయడానికి రుసుము, ఆ బిడ్ పైన కనిపించాలంటే మరికొంత. అప్‌వర్క్ అనే సైటులో వీటిని కనెక్ట్‌లు అంటారు, ఒక్కొక్కటి 15 సెంట్లు. వినడానికి చిల్లరే, ఒక్క బిడ్‌కు ఎన్ని అడుగుతారో చూస్తే తెలుస్తుంది. టెండర్లలో ఓడినవాళ్లకు ధరావతు తిరిగి ఇచ్చే మర్యాద ఉంది. ఇక్కడ గెలిచినా ఓడినా కట్టింది గంగలో కలిసినట్టే. పొరపాటున గెలిస్తే కమిషన్ సిద్ధంగా ఉంటుంది. 2023 దాకా అదే అప్‌వర్క్‌లో ఒక క్లయింటు ఇచ్చే మొదటి 500 డాలర్ల మీద 20 శాతం పట్టుకునేవారు, ఫైవర్ అనే మరో సైటులో అయితే ఎంత సంపాదించినా 20 శాతమే. ముందుగా మొదలైన ఈలాన్స్, తర్వాత వచ్చిన ఓడెస్క్ అనే రెండు సైట్లు కలిసిపోయి 2015లో అప్‌వర్క్ అని పేరు పెట్టుకున్నాయి. సైట్లకు పోటీ తగ్గించుకునే తెలివి ఉంది. మనమే ఒక రిపోర్టు కోసం యాభై మందిమి ఒకరి ధరను ఒకరు తొక్కుకుంటూ కిందికి దిగుతాం.

పైగా ఆ యాభైలో ఎన్ని మనుషులు రాసినవో! "మీ ప్రాజెక్టు వివరాలను శ్రద్ధగా పరిశీలించాను" అని మొదలయ్యే ఉత్తరం ప్రకటన పడిన అర నిమిషానికే చేరుతుంది. అంత శ్రద్ధ నాకు లేదు, ఒప్పుకుంటున్నాను. నెమలి పరీక్ష ఎవరిని ఆపిందో మరి! యంత్రాలు నెమలిని మనకంటే ముందే రాస్తున్నాయి.

చూడకూడదనుకుంటూనే ఆ 30 డాలర్ల మనిషి పేజీ తెరిచాను. ఈ పనికి ఐదు నక్షత్రాలు! ఆర్డర్లు మొరాయిస్తున్న సంగతి తెలియకముందే ఇచ్చేశారన్నమాట.

అసలు ఈ నక్షత్రాల దగ్గరే నాకు మండేది. మూడేళ్ల క్రితం ఇంకో క్లయింటుకు పాత డేటాబేస్ నుంచి కొత్తదానికి మొత్తం సమాచారం మార్చి ఇచ్చాను. ఒక్క వరుస పోలేదు. గడువుకు రెండు రోజుల ముందే పూర్తయింది. "అద్భుతమైన పని, తప్పకుండా మళ్లీ పిలుస్తాం" అని రాసి నాలుగు నక్షత్రాలు ఇచ్చాడు. ఎందుకండీ అని మర్యాదగా అడిగితే "నేను ఎవరికీ ఐదు ఇవ్వను, పరిపూర్ణత మనుషులకు సాధ్యం కాదు" అన్నాడు. వేదాంతం బోధించడానికి నా పేజీయే దొరికింది! డబ్బు ఇచ్చేటప్పుడు మాత్రం ఆ వేదాంతం గుర్తురాలేదు, చివరి మైల్‌స్టోన్ (పనిలో ఒక దశకు ఇచ్చే సొమ్ము) విడుదల చేయడానికి పద్నాలుగు రోజులు లెక్కపెట్టుకుని మరీ కూర్చున్నాడు. ఆ నాలుగో నక్షత్రం తర్వాత వరుసగా రెండు నెలలు నా బిడ్‌లు తెరిచి చూసినవాళ్లు లేరు. మళ్లీ పిలుస్తామన్నారు కదా, ఇప్పటికీ ఎదురు చూస్తున్నాను.

ఈ రోజు మెసేజ్‌కు జవాబు ఇవ్వకుండా వదిలేద్దామనుకున్నాను. మనసొప్పలేదు. ఇప్పుడే పంపాను: "తప్పకుండా చూస్తాను. ఇదంతా చదివారని తెలియడానికి మీ తర్వాతి మెసేజ్ మొదట్లో 180 డాలర్లు అని రాయండి."

చదివినట్టు రెండు టిక్కులు పడ్డాయి. నెమలి ఇంకా పలకలేదు.