ఏడాదికి ఒక అడుగు అన్న ట్యాగు గారికి

మహారాజశ్రీ ప్లాస్టిక్ ట్యాగు గారికి, కొరాపుట్ జిల్లా సెమిలిగుడ నుంచి నమస్కరించి రాయునది ఏమనగా,

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు మెడలో వేలాడుతున్న విండ్‌మిల్ పామ్ అనే తాటి జాతి మొక్క కూడా క్షేమమే. ఎంత క్షేమమంటే, లారీ దిగిన రోజు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది.

మీ మీద అచ్చయినవి రెండే ముక్కలు. ‘మైనస్ 15 డిగ్రీల చలిని తట్టుకుంటుంది’, ‘ఎదుగుదల ఏడాదికి 1 అడుగు’. వెనకవైపు ధర, ఒక ఫోన్ నంబరు. వీటిలో ధర ఒక్కటే ఇంతవరకు నిజమని తేలింది. రిటైరయ్యాక కట్టుకున్న కొత్తింటి గేటు పక్కన ఏదో ఒకటి ఠీవిగా నిలబడాలని మా బావగారి కోరిక. మిమ్మల్ని చదివి, బేరమైనా ఆడకుండా కొనేశారు. చేపల మార్కెట్లో పది రూపాయల కోసం అరగంట నిలబడే మనిషి ఆయన. ఏ నర్సరీ అని అడక్కండి, ఊళ్లో గొడవలెందుకు.

ముందు మైనస్ 15 సంగతి చూద్దాం. మా వైపు చలి లేదని అనను. పొట్టంగి ఘాటీ ఎక్కి వచ్చే విశాఖ చుట్టాలు డిసెంబరులో మా ఇంట్లో మంకీ క్యాప్ తీయరు. ఒడిశాలోకెల్లా ఎత్తయిన కొండ, 1672 మీటర్ల దేవమాలి, మా పక్కనే. పొద్దున్నే బకెట్లో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. అయినా ఉష్ణోగ్రత ఒంటి అంకెలోకి దిగిందంటే మర్నాడు పేపర్లో వార్త, దానికి తోడు ఒక చలిమంట ఫోటో. సున్నాకు కింద మరో పదిహేను దిగాలంటే మా ఊరే మూటాముల్లె సర్దుకుని హిమాలయాలకు వెళ్లాలి. అంత చలి పడిన రోజున మీ చెట్టు బతికే ఉంటుంది గాని, మెచ్చుకోవడానికి మేం ఉండం.

ఇంకో మాట. ఆ పదిహేను ముదిరిన చెట్టుకు, పొడి చలికి చెల్లే అంకె. లేత మొక్కకు అంత ఓర్పు లేదు. మొదలు దగ్గర నీళ్లు నిలిచి, పైన కొత్తాకు పుట్టే మొవ్వు తడిసి, దాని మీద చలి పడితే ముదురుదైనా కుళ్లుతుంది. మొవ్వు ఒక్కటే కదా దానికి ఉన్నది, అది పోతే చెట్టు పోయినట్టే. ఏడాదికి 1500 మిల్లీమీటర్ల దాకా వాన కురిసే చోట మీరు హెచ్చరించాల్సింది నీళ్లు నిలవనివ్వకండి అని. దానికి మీ మీద చోటు చాలలేదు కాబోలు.

ఇక ఆ అడుగు. దీని మీద బావగారు పడ్డ టెన్షన్ కూతురి ప్లస్ టూ రిజల్ట్సుకి కూడా పడలేదు. మొదట టేపు పెట్టి కొలిచేవారు. టేపు ఎక్కడ ఆపాలో తెలిస్తే కదా! ఆకు కొస దగ్గరా, మొవ్వు దగ్గరా, కాండం దగ్గరా? ఎండకు ఆకు వాలితే చెట్టు పొట్టిదయ్యేది, వాన పడి ఆకు నిక్కితే పొడుగయ్యేది. ఒక నెల ఎదుగుదల కూడా మైనస్‌లోకి వెళ్లింది. మీ మీద ఉన్న మైనస్ గుర్తుకు మా ఊళ్లో దొరికిన ఏకైక ఉపయోగం అదే.

తర్వాత పద్ధతి మార్చారు. ఈ చెట్టుకు కొత్త ఆకు విచ్చుకోకముందు మూసిన విసనకర్రలా నిటారుగా పైకి వస్తుంది. ఆ మొవ్వాకు మీద, పక్కనున్న ముదురాకు కాడ మీద, ఒకే వరసలో నల్ల స్కెచ్ పెన్‌తో గీత పెడతారు. ముదురాకు కాడ ఇక కదలదు, మొవ్వాకు లోపల్నుంచి జరుగుతూ ఉంటుంది. వారం పోయాక రెండు గీతలకూ మధ్య ఎడం ఎంతుందో చూడటమే. పద్ధతి మంచిదే, పామ్‌ల పిచ్చి ఉన్నవాళ్లు ఏ దేశంలోనైనా చేసేదే. ఎండాకాలంలో ఆ ఎడంలో వేలు పట్టేది. బావగారు గేటు దగ్గరే నిలబడి, పాలవాడితో సహా వచ్చినవాళ్లందరికీ చూపించేవారు. డిసెంబరు వచ్చేసరికి గీతకు గీత సరిగ్గా ఎదురుగా, కళ్లజోడు తుడుచుకుని చూసినా అంతే. చలిని తట్టుకోవడమంటే చలిలో ఎదగడం కాదు మహాశయా, చచ్చిపోకుండా ఊరుకోవడం. మీరు ఆ రెండు ముక్కలనూ పక్కపక్కన అచ్చేయించుకోవడంతో, మంచు కురుస్తుంటే చెట్టు అడుగులు వేసుకుంటూ పోతుందని బావగారు అనుకున్నారు.

మామిడీ వేపా అయితే ఓ పక్క ఎత్తు పెరుగుతూనే ఏటేటా లావెక్కుతాయి. తాటి, ఈత, కొబ్బరి జాతికి ఆ వీలు లేదు. మొదలు పూర్తి లావయ్యాకే కాండం పైకి లేస్తుంది. అందుకే తొలి కొన్నేళ్లు పనంతా నేల దగ్గరే జరుగుతుంది. గింజ నుంచి ముందు గడ్డిపోచ లాంటి ఆకులు, ఆ తర్వాత చీలిన ఆకులు, కింద వేళ్లు. ఆ కాలంలో అడుగు కాదు గదా, అంగుళం కాండం కూడా కంటికి ఆనదు. లేచాక, మంచి మట్టి, వేసవి వేడి, చాలినన్ని నీళ్లు అన్నీ కుదిరిన చోట ఏడాదికి అడుగు దాకా వెళ్తుంది. లేకపోతే అందులో సగం వచ్చినా గొప్పే. ఆ ‘దాకా’ మీరు మింగేశారు.

మా గేటు పక్కన మట్టి అనబడేదానిలో సగం ఇల్లు కట్టగా మిగిలిన కంకర, సిమెంటు పెచ్చులు. చుట్టూ సిమెంటు చట్రం, దానికి ఎర్రరంగు. వేరు ఎటు పోవాలి? ఈ చర్చలేవీ లేకుండా మా అక్క ఎప్పుడో తీర్పు చెప్పేసింది.

“ఆ జాగాలో రెండు బొప్పాయి మొక్కలేసుంటే ఈపాటికి వీధంతా పంచేవాళ్లం.”

“బొప్పాయికి మైనస్ పదిహేను తట్టుకునే దమ్ముందేటి?” అన్నారు బావగారు.

అక్క జవాబివ్వలేదు, మర్నాడు పెరట్లో బొప్పాయి వేసింది. దాని ఎత్తు గురించి ఈ ఉత్తరంలో రాయను, మీ మనసు కష్టపెట్టడం నా ఉద్దేశం కాదు.

అంగుళం కదలకపోవడం మాకేమీ కొత్త కాదనుకోండి. 1936 దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ ఏప్రిల్లో ఒడిశా ఏర్పడింది. మా తాతలు అరుగు దిగకుండానే వేరే రాష్ట్రం వాళ్లయిపోయారు. కాకపోతే దానికి వాళ్లెవరూ డబ్బు కట్టలేదు.

మీ చుట్టాల ట్యాగులు కూడా చదివాను. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల నీడిల్ పామ్ మైనస్ 20ని కూడా లెక్కచేయదు, ఎదగడం మాత్రం కొన్నవాళ్ల కంట పడనివ్వదు. డ్వార్ఫ్ పాల్మెట్టో కాండాన్ని చాలావరకు భూమిలోనే దాచుకుంటుంది. 1846లో చిలీ నుంచి వచ్చిన గింజతో లండన్ క్యూ తోటలో పెంచిన చిలీ వైన్ పామ్‌కు అద్దాల మేడ కప్పు దరిదాపులకు చేరడానికి నూరేళ్లకు పైనే పట్టింది. వాషింగ్టోనియా రోబస్టా ఏడాదికి రెండు మూడు అడుగులు లేస్తుంది గాని, మీవాడు ఓర్చుకునే చలికి అది ఆగదు. తొందరా ఓర్పూ రెండూ ఒకే చెట్టులో కావాలనే గిరాకీ ఉన్నన్నాళ్లు మీ వంశానికి లోటు రాదు.

మా కొండల్లో మీ ఊసే అక్కర్లేని చెట్టు ఒకటుంది. మేం జీలుగు అంటాం, ఒడియావాళ్లు సలప అంటారు. దాన్ని ఏడాదికి ఎన్ని అడుగులని ఎవరూ అడగరు. గెల ఎప్పుడు వేస్తుంది, కల్లు ఎన్నేళ్లు ఇస్తుంది, ఇవే ప్రశ్నలు. పైనుంచి కిందికి ఒక్కో గెలా వేసుకుంటూ వచ్చి, అట్టడుగు గెల అయిపోయాక ఆ చెట్టు చచ్చిపోతుంది. మొన్న సంతకు వచ్చిన పరజ తెగ ముసలాయన ఒకడు మా గేటు దగ్గర ఆగి పామ్‌ని ఎగాదిగా చూశాడు.

“కల్లొస్తుందా?”

“రాదు.”

“కాయ తింటారా?”

“తినరు.”

“మరేం చేస్తుంది?”

“చలికి తట్టుకుంటుంది,” అన్నారు బావగారు కాస్త గొంతు పెంచి.

ముసలాయన భుజం మీది దుప్పటి సర్దుకుని, “నేనూ తట్టుకుంటాను,” అని వెళ్లిపోయాడు.

చెట్టు తరఫున ఒక్క మాట చెప్పకపోతే అన్యాయం. చైనాలో దీని మొదలుకు పట్టే పీచుతో తాళ్లు పేనేవారు, రైతులు వానకు కప్పుకునే కోట్లు అల్లుకునేవారు. పనికిమాలిన చెట్టేం కాదు. మా బావగారే ఆ పీచు మీద చెయ్యి వేయనివ్వరు, కొలతలు చెడిపోతాయట.

అందుచేత తమరు మళ్లీ అచ్చయ్యేటప్పుడు ఆ అడుగు ఏ ఊళ్లో, ఎలాంటి మట్టిలో, కాండం లేచిన ఎన్నేళ్లకు అన్నది కూడా వేయించుకోండి. చోటు చాలకపోతే ఫోన్ నంబరు తీసేయండి, ఎలాగూ ఎత్తరు.

ఈ మధ్య ఇంకో సంగతి తెలిసింది. మీ చెట్టును రాబర్ట్ ఫార్చూన్ అనే ఆయన 1849లో చైనాలోని చూసాన్ దీవి నుంచి ఇంగ్లండుకు పంపాడు. యూరప్ తోటలన్నీ తిరిగి అది స్విట్జర్లాండ్ దక్షిణాన టిచీనోలో స్థిరపడింది. అక్కడ పక్షులు పండ్లు తిని గింజలు అడవుల్లో పడేయడం, చలికాలాలు వెచ్చబడటం కలిసొచ్చి, చెట్ల కింద ఎక్కడ చూసినా ఇదే మొలిచింది. ఎదుగుదలను ఆపలేక ఆ ప్రభుత్వం 2024 సెప్టెంబరు 1 నుంచి దీని అమ్మకాన్నే నిషేధించింది. స్కెచ్ పెన్ పట్టుకుని ఉన్న బావగారికి ఈ కబురు నేనే చెప్పాను. కుంగిపోతారనుకున్నాను.

ఇప్పుడాయన ఎత్తు గురించి మాట్లాడటం పూర్తిగా మానేశారు. గేటు తీసుకుని వచ్చినవాళ్లతో, “జాగ్రత్త, స్విట్జర్లాండులో బ్యాన్ చేసిన చెట్టు,” అంటున్నారు. వాళ్లు మోకాలెత్తు లేని ఆ మొక్కకు కాస్త ఎడంగా నడిచి లోపలికి వస్తున్నారు.

ఇట్లు,
పామ్ యజమానిగారి బామ్మర్ది