రెండో పక్షి చేసిన తప్పేంటి?

నెల కిందట మా పిన్ని కూతురికి కవలలు పుట్టారు. ఇద్దరూ ఆడపిల్లలే. మా కుటుంబం గ్రూపులో ఫొటో పెట్టింది. ఒకే దుప్పటిలోంచి రెండు చిన్న తలలు, ఒకదాని పిడికిలి ఇంకోదాని చెవి మీద. అందరూ సంతోషంతో మెసేజ్‌లు పెడుతుంటే, మధ్యలో ఎవరో ‘రెండు సంఖ్య రహస్యం’ అని ఒక పొడుగాటి ఫార్వర్డ్ పడేశారు. అది మీలో చాలామందికి వచ్చే ఉంటుంది. రానివాళ్ల కోసం సారాంశం చెబుతాను. ఒకటి దైవ సంఖ్య, రెండు చీలిక సంఖ్య అట. అన్ని మతాలూ రెండును తిట్టాయట. రెండు నుంచే భయం పుడుతుందని ఉపనిషత్తే అందట. గీత ద్వంద్వాలను వదిలేయమందట, ద్వైతమంటే అజ్ఞానమట. చైనావాళ్ల యిన్, యాంగ్ మంచి చెడుల యుద్ధమట. బైబిల్లో దేవుడు రెండో రోజును మాత్రం ‘మంచిది’ అనలేదట, పైథాగరస్ సరిసంఖ్యలను చెడు పక్కన పెట్టాడట. అందుకని అంకెలు కూడితే చివరికి రెండు వచ్చే 2, 11, 20, 29 తేదీల్లో పుట్టినవాళ్లు, జంటగా పుట్టినవాళ్లు జాగ్రత్తగా ఉండాలట. గడియారంలో 2:22 పదేపదే కనిపిస్తే హెచ్చరికట.

ఆ రాత్రి పదకొండు దాటాక చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, ఇందులో ఏమైనా నిజం ఉందా?" అంది. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. పచ్చి బాలింతరాలిని నిద్రపోనివ్వని ఆ మెసేజ్‌ను ‘ఏదో ఫార్వర్డ్‌లే’ అని వదిలేయడానికి నాకు మనసొప్పలేదు. పైగా అందులో ఉన్నవన్నీ అబద్ధాలు కావు. వాక్యాలు కొన్ని నిజంగానే ఆయా గ్రంథాల్లో ఉన్నాయి. వాటిని ఎక్కడ తెంపారో, తెంపినదానికి ఏం అతికించారో చూడాలి.

ముందు ఉపనిషత్తు. "ద్వితీయాద్వై భయం భవతి" అనే మాట బృహదారణ్యకం మొదటి అధ్యాయం నాలుగో బ్రాహ్మణంలో ఉంది. ‘రెండోదాని వల్లనే భయం కలుగుతుంది’ అనే అర్థం కూడా సరైనదే. కానీ అక్కడ నడుస్తున్న కథ ఇది. సృష్టికి ముందు ఆత్మ ఒక్కటే ఉంది. చుట్టూ చూసుకుంటే తను తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు దానికి భయం వేసింది. "తస్మాదేకాకీ బిభేతి", అందుకే ఒంటరిగా ఉన్నవాడు భయపడతాడు అంటుంది ఉపనిషత్తు. అంటే మొట్టమొదటి భయం పుట్టేసరికి రెండోది లేనే లేదు! ‘నేను తప్ప ఇంకెవరూ లేనప్పుడు దేనికి భయం?’ అని ఆలోచించుకున్నాక ఆ భయం పోయింది. మెసేజ్‌లో వాడిన వాక్యం అక్కడ వస్తుంది. మెసేజ్ అక్కడితో ఆగిపోయింది. ఉపనిషత్తు ఆగలేదు. వెంటనే వచ్చే మంత్రం ఇది: "స వై నైవ రేమే, తస్మాదేకాకీ న రమతే, స ద్వితీయమైచ్ఛత్". భయం పోయింది గానీ ఆనందం కలగలేదు. ఒంటరిగా ఉన్నవాడికి ఆనందం ఉండదు. అందుకని ఆయన రెండోదాన్ని కోరుకున్నాడు.

రెండు వచ్చింది శాపం వల్లా కాదు, పొరపాటు వల్లా కాదు. కోరుకుంటే వచ్చింది. ఆ తర్వాత ఆత్మ తనను తానే రెండు భాగాలు చేసుకుంటుంది, భార్యాభర్తలు ఏర్పడతారు. మనలో ప్రతి ఒక్కరం బద్దలుగా విడిన గింజలో సగంలాంటి వాళ్లమని యాజ్ఞవల్క్యుడు చెప్పేవాడట. ఒక పప్పుగింజను వేళ్ల మధ్య నలిపి చూడండి. రెండు బద్దలు వస్తాయి. ఇది అసలు, అది అదనం అని వాటిలో దేన్నీ అనలేం. లోపలి వైపులు రెండూ చదునుగా, ఒకదానికి ఒకటి సరిపోయేలా ఉంటాయి.

మరి ‘ద్వితీయాద్వై భయం’ సంగతి? దానికి తైత్తిరీయ ఉపనిషత్తులో తోడు మాట ఉంది. ఆ పరమాత్మకూ తనకూ మధ్య రవ్వంత ఎడం పెట్టుకున్నా మనిషికి భయం పుడుతుందని అక్కడ చెప్పారు. భయాన్ని పుట్టించేది ఆ ఎడం, ఎదుటివాణ్ణి పరాయివాడిగా చూడటం. రెండు అనే లెక్క కాదు. తల్లి ఒడిలో బిడ్డ ఉన్నప్పుడు ఇద్దరే ఉంటారు, భయం ఎక్కడుంది?

ఇక గీత. "నిర్ద్వంద్వో" అని రెండో అధ్యాయం 45వ శ్లోకంలో ఉంది, నిజమే. కానీ దేన్ని వదలమన్నాడు? ఏడో అధ్యాయం 27వ శ్లోకంలో "ఇచ్ఛాద్వేష సముత్థేన ద్వంద్వమోహేన" అంటాడు. ఒకటి కావాలని కోరడం, ఇంకోటి వద్దని ద్వేషించడం, ఆ రెంటి నుంచి పుట్టే మోహం. వదలాల్సింది ఆ మోహాన్ని. చలి, ఎండ అలాగే ఉంటాయి. వాటిని ఓర్చుకోమన్నాడు గానీ అవి లేవని అనలేదు. ఇంకా చెప్పాలంటే ‘రెండు’ కోరుకుని ‘ఒకటి’ వద్దన్నా అది ద్వంద్వమోహమే. ‘ఒకటి’ కోరుకుని ‘రెండు’ అశుభమన్నా ద్వంద్వమోహమే. మెసేజ్ రాసినవాళ్లు ఏ గోతిలో పడొద్దన్నారో అందులోనే నిలబడి ఉన్నారు.

విభూతి యోగంలో, పదో అధ్యాయం 33వ శ్లోకంలో, కృష్ణుడు ఇంకో మాట అంటాడు: "ద్వంద్వః సామాసికస్య చ". సమాసాల్లో నేను ద్వంద్వ సమాసాన్ని. ఇది చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది. బడిలో మనందరం చదువుకున్నదే కదా, తత్పురుషలో ఉత్తరపదానికి ప్రాధాన్యం, బహువ్రీహిలో బయటి పదానికి. ద్వంద్వంలో మాత్రమే రెండు పదాలకూ సమాన గౌరవం. తల్లిదండ్రులు అన్నప్పుడు తల్లి తండ్రిలో కరిగిపోదు, తండ్రి తల్లి కింద అణగడు. అన్ని సమాసాలుండగా భగవంతుడు తన రూపంగా ఎంచుకున్నది దీన్ని.

ఛందస్సులోనూ ఇలాంటి సంగతే ఒకటి కనిపిస్తుంది. ఉత్పలమాల పాదం గురువుతో మొదలవుతుంది. ఆ మొదటి గురువును తీసేసి దాని చోట రెండు లఘువులు పెట్టండి, మిగతాది ముట్టుకోకండి. భ ర న భ భ ర వ కాస్తా న జ భ జ జ జ ర అవుతుంది. అది చంపకమాల! ఒక గురువు ఎంత కాలమో రెండు లఘువులూ అంతే. ఒకటి రెండుగా విడిపోతే నడక చెడలేదు, ఇంకో అందమైన పద్యం పుట్టింది.

‘ద్వైతం అంటే అజ్ఞానం’ అన్న ముక్క నన్ను మరీ బాధపెట్టింది. 13వ శతాబ్దంలో మధ్వాచార్యులు ఒక సంపూర్ణ దర్శనం నిర్మించారు. ఈశ్వరుడికీ జీవుడికీ, ఈశ్వరుడికీ జడానికీ, జీవుడికీ జీవుడికీ, జీవుడికీ జడానికీ, జడానికీ జడానికీ ఉన్న ఐదు భేదాలూ సత్యమే అన్నారు. స్వతంత్రమైనది ఒక్క భగవంతుడే, మిగతాదంతా ఆయన మీద ఆధారపడినది అన్నారు. ఆ దర్శనంలో భక్తి అంతా ఆ తేడా మీదే నిలబడింది. దాన్ని ఒప్పుకోకపోవచ్చు. వాదించవచ్చు. శతాబ్దాలుగా వాదిస్తూనే ఉన్నారు. ఒక్క మాటతో కొట్టిపారేసే హక్కు మాత్రం ఎవరికీ లేదు. అద్వైతం అనే పేరు కూడా చూడండి, ఏకత్వం అనలేదు, ‘రెండు కానిది’ అంది. ఒకటి అంటే అదీ ఒక లెక్కే అవుతుంది. బౌద్ధంలో నాగార్జునుడు బుద్ధుని బోధ రెండు సత్యాల మీద ఆధారపడిందని స్పష్టంగా చెప్పాడు. ఒకటి వ్యవహార సత్యం, రెండోది పరమార్థం. వ్యవహారాన్ని ఆశ్రయించకుండా పరమార్థాన్ని బోధించలేమనీ అన్నాడు. ఈశావాస్య ఉపనిషత్తు విద్యనూ అవిద్యనూ "ఉభయం సహ", రెంటినీ కలిపి తెలుసుకోమంటుంది.

అన్నిటికంటే పెద్ద జవాబు ముండకోపనిషత్తులో ఉంది. "ద్వా సుపర్ణా సయుజా సఖాయా". ఒకే చెట్టు మీద రెండు పక్షులు, ఎప్పుడూ కలిసి ఉండే స్నేహితులు. ఒకటి పండు తింటోంది, రెండోది తినకుండా చూస్తోంది. ఇంతవరకు చాలామందికి తెలుసు. తర్వాతి మంత్రం సంగతి ఎవరూ చెప్పరు. తినే పక్షి శోకంలో మునిగిపోయి ఉంటుంది. ఎప్పుడైతే రెండో పక్షిని చూస్తుందో, దాని మహిమను గుర్తిస్తుందో, అప్పుడు ‘వీతశోకః’, దుఃఖం తీరిపోతుంది. రెండోదాన్ని చూస్తే దుఃఖం పోతుందని ఉపనిషత్తు చెబుతుంటే, రెండోదాన్ని చూసి భయపడమని ఈ మెసేజ్ చెబుతోంది.

యిన్, యాంగ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ రెండు చైనా అక్షరాల మూలార్థం కొండకు నీడ పడే వైపు, ఎండ పడే వైపు. కొండ ఒకటే. పొద్దున నీడలో ఉన్న వైపు సాయంత్రానికి ఎండలోకి వస్తుంది. వాటిలో ఒకటి గెలవాలని, ఇంకోటి చావాలని ఎవరూ అనలేదు. ఒకసారి యిన్, ఒకసారి యాంగ్, అదే దావో, అంటే మార్గం, అని ఆ సంప్రదాయపు ప్రాచీన వ్యాఖ్యానంలో ఉంది. మంచి చెడుల పోరు అనే ఊహ వేరే చోట నిజంగా ఉంది. ప్రాచీన ఇరాన్ ప్రవక్త జరతుష్ట్రుని గాథల్లో కవల శక్తుల ప్రస్తావన వస్తుంది, ఒకటి మంచిని ఎంచుకుంది, ఒకటి చెడును. మూడో శతాబ్దంలో మాని అనే ప్రవక్త వెలుగు చీకట్ల యుద్ధాన్ని ఒక మతంగానే బోధించాడు. మెసేజ్ ఈ భావాన్ని తెచ్చి చైనా కొండకు అంటించింది. జరతుష్ట్రుడి దగ్గర కూడా తప్పు రెండు అనే సంఖ్యది కాదు, ఎంపికది.

బైబిల్ సంగతిలో మెసేజ్ సగం నిజం చెప్పింది. ఆదికాండం హీబ్రూ పాఠంలో రెండో రోజు "మంచిదని చూచెను" అన్న మాట లేదు. యూదు పండితులు దీన్ని ఎప్పుడో గమనించారు. ఆ రోజు నీళ్లను విడదీయడం జరిగింది కాబట్టి అనలేదని ఒకరన్నారు. నీళ్ల పని ఆ రోజుకు పూర్తి కాలేదు, మూడో రోజుకు పూర్తయింది, అందుకే మూడో రోజున ఆ మాట రెండుసార్లు వచ్చిందని ఇంకొకరన్నారు. మెసేజ్ మొదటిది చెప్పి రెండోది దాచింది. పైగా ఆ పుస్తకంలోనే, రెండో అధ్యాయంలో, దేవుడు మొదటిసారి ‘మంచిది కాదు’ అన్నది దేన్ని? నరుడు ఒంటరిగా ఉండటం మంచిది కాదు, అని. బృహదారణ్యకం చెప్పిన "ఏకాకీ న రమతే" పక్కన ఈ మాట పెట్టి చూడండి. ప్రసంగి గ్రంథం కూడా ఒక్కరికంటే ఇద్దరు మేలంటుంది, ఒకరు పడితే ఇంకొకరు లేపుతారని. ఖురాన్ 51వ సూరా 49వ వాక్యం ప్రతిదాన్నీ జంటలుగా సృష్టించానని అల్లా అన్నట్టు చెబుతుంది. ‘అన్ని మతాలూ రెండును తిట్టాయి’ అనడానికి ఇక ఏం మిగిలింది?

పైథాగరస్ దగ్గర మాత్రం ఒప్పుకోవాల్సింది ఉంది. ఆయన స్వయంగా రాసినదేదీ మనకు దక్కలేదు. ఆయన అనుచరుల్లో కొందరు పది జంటల పట్టిక చెప్పేవారని అరిస్టాటిల్ రాశాడు. అందులో బేసి ఒకవైపు, సరి ఒకవైపు. మంచి బేసి వైపు, చెడు సరి వైపు. అది నిజం. అయితే ఆ పట్టిక మొత్తం చదవాలి. చెడు ఉన్న వైపే చీకటి ఉంది, ఎడమ ఉంది, ‘స్త్రీ’ కూడా ఉంది. సరిసంఖ్య చెడ్డదని ఆ పట్టికను నమ్మేవాళ్లు, స్త్రీ కూడా చెడు వైపే అన్న మాటనూ నమ్మాలి. ఇద్దరు ఆడపిల్లల ఫొటో కింద ఆ పట్టికను సాక్ష్యంగా పెట్టారని తలచుకుంటే నాకు కోపం ఆగలేదు.

గడియారం లెక్క చూద్దాం. 1:11, 2:22, 3:33, 4:44, 5:55, 11:11. ఇలాంటివి 12 గంటల్లో 6 నిమిషాలుంటాయి. మెలకువగా ఉండే 16 గంటల్లో, అంటే 960 నిమిషాల్లో, ఇవి 6 లేదా 7 వస్తాయి. రోజుకు 100 సార్లు ఫోన్ చూసేవాళ్లకు వారంలో నాలుగైదు సార్లు ఏదో ఒకటి ఎదురవుతుంది. 2:37 కూడా కనిపిస్తుంది, మనసు దాన్ని దాచుకోదు. అంతే.

పుట్టిన తేదీకి వస్తే, 2కు చంద్రుణ్ణి, 1కి సూర్యుణ్ణి అంటగట్టే పద్ధతి ఇప్పుడింతగా వాడుకలో ఉండటానికి ముఖ్య కారకుడు కైరో అనే పేరుతో సంఖ్యాశాస్త్ర పుస్తకాలు రాసిన వ్యక్తి. ఆయన 1936లో చనిపోయాడు. ఉపనిషత్తులకూ ఈ తేదీలకూ సంబంధమే లేదు. పైగా ఏ క్యాలెండర్ తేదీ? 1582లో పోప్ గ్రెగరీ క్యాలెండర్ సరిచేసినప్పుడు అక్టోబర్ 4 తర్వాతి రోజును 15 అన్నారు. పది తేదీలు ఒక్క రాత్రిలో మాయమయ్యాయి. ఆ వారంలో పుట్టిన పిల్లల స్వభావం దానికి తగ్గట్టు మారిందా? ఒకే పొద్దున పుట్టిన బిడ్డకు తిథి లెక్కన ఒక అంకె, ఇంగ్లిష్ తేదీ లెక్కన ఇంకో అంకె వస్తుంది. బిడ్డ మాత్రం అదే బిడ్డ.

చివరిగా కవలల గురించి. ఋగ్వేదంలో 50కి పైగా సూక్తాలు అందుకున్న దేవతలు అశ్వినులు. వాళ్లు కవలలు, దేవతలకు వైద్యులు. వేదం వాళ్లను దాదాపు ఎప్పుడూ ద్వివచనంలోనే పిలుస్తుంది, విడదీయదు. సముద్రంలో మునిగిపోతున్న భుజ్యుణ్ణి వాళ్లు ఒడ్డుకు చేర్చారు. ముసలి చ్యవనుడికి యవ్వనం ఇచ్చారు. యుద్ధంలో కాలు తెగిన విశ్పలకు రాత్రికి రాత్రే లోహపు కాలు అమర్చారు. చెల్లి ఫోన్ పెట్టేశాక, మిగతాదంతా తర్వాత రాయొచ్చులే అని, ముందుగా ఆమెకు పంపింది ఈ అశ్వినుల సంగతే. కాసేపటికి ఇంకో ఫొటో పంపింది. పిడికిలి ఇంకా ఆ చెవి మీదే ఉంది.