అల్లుడుగారి ఆయిలింజను

పాత గుంటూరులో ఓ ఇంటి పెరడు. మే నెల ఎండ. ఆవకాయ ముక్కలు కొట్టి ఆరబెట్టేశారు, కరెంటు లేదు. కారం మర తిప్పే పాత 5 హెచ్‌పీ ఆయిలింజను సన్నం మిరపకాయలు సగం పట్టి చతికిలబడింది. డీజిల్ సంగతి తను చూసుకుంటానన్న అల్లుడుగారు మెకానికల్‌లో బీటెక్. ఉద్యోగం మాత్రం సాఫ్ట్‌వేర్.

అల్లుడు: ట్యాంకు నిండా పోశాను అత్తయ్యగారూ. అయినా పలకట్లేదు.

అత్త: ఇప్పుడు పోశారు బాబూ. అయిపోకముందు పొయ్యాల్సింది.

అల్లుడు: ఇంకాస్త తిప్పితే...

అత్త: తిప్పండి, మీ భుజం మీ ఇష్టం. పైపుల్లో గాలి పట్టేసింది. పొద్దుగూకేదాకా తిప్పినా పొగ కూడా రాదు.

అల్లుడు: కరెక్టే! సిలిండర్లోకి డీజిల్ చిమ్మే నాజిల్ తెరుచుకోవాలంటే సుమారు 200 బార్ ప్రెషర్ కావాలి. కారు టైరులో ఉండేదానికి దాదాపు వంద రెట్లు. మధ్యలో గాలుంటే పంపు ఎంత నొక్కినా ఆ గాలే నలుగుతుంది తప్ప...

అత్త: ఇంత తెలిసినవారు ట్యాంకులోకి ఒక్కసారి తొంగిచూడలేకపోయారా?

అల్లుడు: అసలు 1900లో పారిస్ ఎగ్జిబిషన్‌లో ఓ డీజిల్ ఇంజన్ని వేరుసెనగ నూనెతో నడిపారు, తెలుసా అండీ?

అత్త: (లోపలికి) అమ్మాయ్! ఆవకాయ నూనె డబ్బా బీరువాలో పెట్టి తాళం వెయ్యి!

అల్లుడు: అయ్యో, ఊరికే చెప్పానండీ.

అత్త: పానా అందుకోండి. ఫిల్టర్ మీద చిన్న స్క్రూ ఉంది చూడండి, అది వదులు చెయ్యండి. పూర్తిగా ఊడదీయకండి, ఈ కారం దుమ్ములో పడితే మళ్ళీ దొరకదు.

అల్లుడు: నురగొస్తోంది! బిగించెయ్యనా?

అత్త: బుడగలన్నీ పోయి ధార పడాలి. అదిగో, ఇంకోటి వచ్చింది. పెళ్ళికి ఒప్పుకోవడానికి మూడు నెలలు ఆలోచించారు, దీనికి మూడు నిమిషాలు ఆగలేరా?

అల్లుడు: ...ధార పడుతోందండీ.

అత్త: బిగించండి. పంపు దగ్గర స్క్రూ కూడా అంతే. ఆ తర్వాత నాజిల్ పైపు నట్టు కాస్త వదలండి. ఇంజను తేలిగ్గా తిరిగేలా నేను లివర్ ఎత్తి పట్టుకుంటా, మీరు హ్యాండిల్ మెల్లిగా తిప్పండి. మొహం అక్కడ పెట్టకండి!

అల్లుడు: తెలుసండీ. ఆ ప్రెషర్‌కి డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది.

అత్త: తెలిసీ పెట్టారు కదా! సరే, నట్టు దగ్గర బుడగల్లేకుండా డీజిల్ వస్తోంది, బిగించండి. ఇప్పుడు తిప్పితే నాజిల్ కిర్రుమనాలి.

అల్లుడు: ఏం వినపళ్ళేదే. ఎందుకంటే, సూత్రప్రకారం...

అత్త: మీరు మాట్లాడుతుంటే ఏం వినపడుతుంది బాబూ?

(నిశ్శబ్దం. కిర్రు.)

అల్లుడు: అందండీ!

అత్త: అంది. ఇక గట్టిగా తిప్పండి. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వెయ్యకండి, మిగతా వేళ్ళ పక్కనే ఉంచండి. ఎదురు తన్నిందంటే విరుగుతుంది. రేపట్నుంచి మా అమ్మాయి మీకు అన్నం కలిపి పెట్టాల్సొస్తుంది.

అల్లుడు: (రొప్పుతూ) వేగం... చాలా?

అత్త: ఇంకాస్త... ఇంకాస్త... లివర్ వదుల్తున్నా!

(ఇంజను నల్లటి పొగ ఊది, ఒకసారి దగ్గి, డుగ్‌డుగ్‌మని అందుకుంది.)

అల్లుడు: (అరుస్తూ) చూశారా! స్పార్క్ ప్లగ్గే ఉండదు! గాలి నలిగి వేడెక్కితే ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది!

అత్త: (అరుస్తూ) ఇందాక గాలే కదా వద్దన్నారు!

అల్లుడు: అది పైపులో గాలండీ! ఇది సిలిండర్లో గాలి! మిరపకాయలు పొయ్యనా?

అత్త: ఆ చేతుల్తోనా? సబ్బుతో కడుక్కురండి! ఆవకాయంతా డీజిల్ కంపు కొడుతుంది. మొదటి జాడీ మీ అమ్మగారికే!

అల్లుడు: అయితే రెండుసార్లు కడుక్కొస్తానండీ!

అత్త: ఎందుకు బాబూ శ్రమ? ఒక్కసారి చాల్లెండి!