చలి మొదలయ్యాకే టిబిలిసి అందం

జార్జియా రాజధాని టిబిలిసిని వేసవిలోనే చూడాలని ఒక యాత్రా వ్యాసంలో చదివాను; ఆ వ్యాసకర్త సూచనతో నేను ఏకీభవించలేను. 5వ శతాబ్దపు రాజు వఖ్తాంగ్ గోర్గసాలి వేట కథతో ముడిపడిన అబానోతుబాని పేటలోని గంధకపు వేడినీటి స్నానశాలల విలువ డిసెంబరు చలిలోనే తెలుస్తుంది; నేలమట్టం నుంచి లేచిన ఇటుక గుమ్మటాల వైపు నడుస్తుండగానే గంధకం వాసన ముక్కుకు తగులుతుంది. అక్రోట్ పలుకులను దారానికి గుచ్చి, పిండి కలిపి చిక్కగా కాచిన ద్రాక్షరసంలో ముంచి ఆరబెట్టే చుర్చ్‌ఖేలా అనే మిఠాయి కూడా ద్రాక్షకోతలు ముగిసిన ఈ రోజుల్లోనే కొత్తది దొరుకుతుంది. సాయంత్రం ఐదున్నరకే పొద్దు గుంకుతుంది కనుక, సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని ప్రాచీన రాజధాని మ్త్స్‌ఖేతాకు ఉదయమే బయలుదేరాలి. టిబిలిసిలో వైద్యవిద్య చదువుతున్న పిల్లలను చూడబోయే మన తల్లిదండ్రులు, పాతపట్నంలోని రాళ్లు పరిచిన ఏటవాలు వీధులు తడికి జారుతాయి కాబట్టి, పట్టున్న బూట్లు తప్పక వేసుకోవాలి.